దానియేలు కిటికీ కింద కాపలా ఎవరిది?

2025 జులై 8న తిరుమల తిరుపతి దేవస్థానం తన అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ ఒకాయన్ని సస్పెండ్ చేసింది. హుండీ డబ్బు తిన్నాడని కాదు, ఫైలు మాయం చేశాడని కాదు. ప్రతి ఆదివారం సొంత ఊరు పుత్తూరులో చర్చి ప్రార్థనకు వెళ్తున్నాడని. విజిలెన్స్ వాళ్ళు కూపీ లాగి రిపోర్టు రాసి ఇచ్చారు, దాని మీద ఆర్డరు పడింది. అంతకు ముందు ఫిబ్రవరిలోనే అన్యమత కార్యక్రమాల్లో పాల్గొంటున్నారని 18 మంది ఉద్యోగుల మీద చర్య తీసుకున్నారు. దేవస్థానంలో పనిచేసేవాళ్ళు హిందూ ధర్మం పాటించాలని రూలుంది కదా అంటారు. ఉంది. ఆ రూలు మంచిదా చెడ్డదా అన్నది వేరే వాదన, అది మరోసారి మాట్లాడుకుందాం. ఇవాళ మేమడిగేది ఒకటే. కొండ మీద కాదు, ఆఫీసులో కాదు, తన సొంత ఊళ్ళో ఆదివారం పూట ఒక మనిషి ఏ గుమ్మం తొక్కాడో రాసుకోడానికి జీతమిచ్చి మనుషుల్ని పెట్టారంటే, ఆ రాసే పుస్తకం ఎక్కడ ఆగుతుంది?

బైబిలు చదివే ఇళ్ళలో దానియేలు కథ తెలియనివాళ్ళుండరు. దర్యావేషు రాజు కొలువులో దానియేలు మీద కళ్ళు మండిన అధికారులు ముందు ఆయన పనిలో తప్పు వెతికారు. దొరకలేదు. అప్పుడు ఆయన దేవుడి విషయంలో తప్పు పుట్టించాలనుకున్నారు. ముప్పై రోజులు రాజుకి తప్ప ఇంకెవరికీ మొక్కకూడదని చట్టం రాయించి, గుంపుగా వెళ్ళి ఆయన ఇంటి దగ్గర కాచుకున్నారు. కిటికీ తెరిచి మోకాళ్ళూనిన మనిషిని చూసి, పరుగున రాజు దగ్గరికెళ్ళి చెప్పారు. మన పాస్టర్లు సింహాల గుహ గురించి గంటసేపు చెప్తారు. ఆ కిటికీ కింద నిలబడ్డవాళ్ళ గురించి ఎవరూ చెప్పరు. గుహ సంగతి తర్వాత, ముందు జరిగింది నిఘా.

తిరుపతి సంగతి విశాఖపట్నంలో మనకెందుకు అనుకునేవాళ్ళుంటారు. ఈ ఊరి సంగతి కొంచెం ఆలోచించండి. 1933లో పోర్టు మొదలయ్యింది. తర్వాత షిప్‌యార్డు, డాక్‌యార్డు, జింకు, రిఫైనరీ, ఆఖర్న ఉక్కు ఫ్యాక్టరీ. పాలేరుతనం చేసిన తాతల మనవలు, పాకీ పని చేసిన రెల్లి పేటల పిల్లలు మొదటిసారి నెల జీతం, క్వార్టరు, పింఛను చూసింది ఈ గేట్ల లోపలే. అంబేడ్కర్ రాసిపెట్టిన రోస్టరు చూపించింది. గాజువాక, మల్కాపురం, పెదగంట్యాడ, కంచరపాలెం లైన్లలో శుక్రవారం ఉపవాస ప్రార్థనకు కూచునే అమ్మల్ని, అన్నల్ని గమనించండి. పాట గట్టిగా పాడరు. పాడితే కిటికీ మూసి పాడతారు. దేవుడికి వినపడదని భయం లేదు, పక్క క్వార్టరువాడికి వినపడుతుందని భయం. ఆ పక్కవాడికి ప్రమోషన్ లిస్టులో వెనకాల పేరుండొచ్చు, చేతిలో సెల్‌ఫోనుండొచ్చు.

ఈ భయం ఎవరో కల్పించుకున్నది కాదు, చట్టం కల్పించింది. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని అందులో కలిపారు. క్రైస్తవుల్ని, ముస్లిముల్ని బయటే ఉంచారు. మన రాష్ట్రంలో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలని బీసీ-సి కింద పెట్టి ఒక శాతం ఇచ్చారు. ఊళ్ళో మాత్రం ఆ మనిషి మాలవాడే, మాదిగవాడే. శ్మశానం వేరు, పిలుపు వేరు, టీ గ్లాసు వేరు. బాప్తిస్మం నీళ్ళకి అంటు కడిగే శక్తి ఊరివాళ్ళ దృష్టిలో లేదు, సర్కారు దృష్టిలో మాత్రం ఉంది! ఇదెక్కడి విచిత్రం?

బళ్ళో పనిచేసేవాళ్ళం కాబట్టి ఆ విచిత్రం మొదలయ్యే చోటు మాకు బాగా తెలుసు. అడ్మిషన్ రిజిస్టరులో మతం అని ఒక గడి, కులం అని ఒక గడి. పిల్ల పేరు రూతు, తండ్రి పేరు యోహాను, మతం గడిలో హిందూ. తల్లి నేల చూపులు చూస్తుంది. ఎందుకు చూస్తోందో రాసేవాడికీ తెలుసు. ప్రధాన యాజకుడి ముంగిట్లో చలిమంట కాచుకుంటున్న పేతురుని పనిపిల్ల గుర్తుపట్టింది, నీ యాసే నిన్ను పట్టిస్తోంది అన్నారు పక్కనున్నవాళ్ళు. ఆయన్నెరగనని మూడుసార్లు బొంకాడు. మన దళిత క్రైస్తవుడి చేత కూడా మూడుసార్లు చెప్పిస్తున్నారు. బళ్ళో చేరినప్పుడు ఒకసారి, ఉద్యోగంలో చేరినప్పుడు ఒకసారి, సర్టిఫికెట్ మీద విచారణ వచ్చినప్పుడు ఒకసారి. పేతురు ప్రాణభయంతో చెప్పాడు. మనవాడు బిడ్డ ఫీజు కోసం చెప్తున్నాడు. ఆ తర్వాత పెద్దలంతా వేలెత్తి, వీళ్ళు అబద్ధాలకోర్లు అంటారు. 2024 నవంబరు 26న పుదుచ్చేరి కేసులో సుప్రీంకోర్టు కూడా, విశ్వాసం లేకుండా రిజర్వేషను కోసమే మతం చెప్పుకోవడం రాజ్యాంగం మీద మోసం అంది. మనిషి చేత అబద్ధమాడించే గడిని ఎవరు గీశారో ఆ తీర్పులో వెతికితే కనపడదు.

ఇంకో అడుగు ముందుకెళ్ళిన తీర్పు మన హైకోర్టుది. గుంటూరు ప్రాంతంలో కులం పేరుతో తిట్టారని, కొట్టారని ఒక పాస్టరు 2021లో అట్రాసిటీ కేసు పెట్టాడు. 2025 ఏప్రిల్ 30న ఆ కేసుని హైకోర్టు కొట్టేసింది. పదేళ్ళుగా పాస్టరు పని చేస్తున్నవాడు ఎస్సీ కాడు, చేతిలో సర్టిఫికెట్ ఉన్నా ఆ చట్టం అతనికి వర్తించదు అంది. చట్టం తెలిసినవాళ్ళు దీని మీద చాలా చెప్పారు. మేము ఒక్క విషయమే చూడమంటున్నాం. ఇకమీదట దళితుణ్ణి కొట్టినవాడు కేసు తప్పించుకోవాలంటే ఏం చేయాలి? కొట్టలేదని రుజువు చేయక్కర్లేదు. వీడు ఆదివారం ఎక్కడికెళ్ళాడో ఫోటో తెస్తే చాలు. అంటే కొట్టినవాడి చేతికే భూతద్దం ఇచ్చి డిటెక్టివ్‌ని చేశారు. కారంచేడులో 1985లో, చుండూరులో 1991లో గొడ్డళ్ళు పట్టుకొచ్చినవాళ్ళు ఎవరినీ బాప్తిస్మం సర్టిఫికెట్ అడగలేదు. పేట చూశారు, నరికారు. ఇప్పుడు కోర్టు మెట్ల దగ్గర మాత్రం అది అడుగుతారు.

సర్కారువాళ్ళ ఆరా పద్ధతి కూడా చెప్పాలి. కుల సర్టిఫికెట్ల తనిఖీకి 1994లో మాధురీ పాటిల్ కేసులో సుప్రీంకోర్టు ఒక పద్ధతి పెట్టింది. విజిలెన్స్ అధికారి సొంతూరు వెళ్ళాలి, అమ్మానాన్నల్ని విచారించాలి, మరీ గిరిజనుల విషయంలో ఏ దేవుణ్ణి కొలుస్తారు, పెళ్ళెలా చేస్తారు, చావుకి ఏం చేస్తారు, శవాన్ని ఎలా పూడుస్తారు, ఇవన్నీ కనుక్కోవాలి. దొంగ సర్టిఫికెట్లతో మన సీట్లు కాజేసే అగ్రకులాల వాళ్ళని పట్టుకోడానికి పుట్టిన పద్ధతి అది. మంచిదే. దొంగ సర్టిఫికెట్లని పట్టుకోమని వీధుల్లో అరిచింది మనమే. కానీ ఆ చూపు తిరిగి పేట మీదే పడితే ఎలా ఉంటుందో రామనాథపురంలో తెలిసింది. అక్కడ ఒక డాక్టరమ్మ క్లినిక్కుకి అధికారులు వెళ్ళారు, గోడకి సిలువ కనపడింది, భర్త క్రైస్తవుడు, ఇంకేముంది, ఆమె ఎస్సీ సర్టిఫికెట్ రద్దు! 2021లో మద్రాసు హైకోర్టు ఆ రద్దును కొట్టేసింది. గోడ మీద సిలువ వేలాడినంత మాత్రాన మనిషి మతం మారినట్టు కాదని, ఇది అధికారుల ఇరుకు బుద్ధి అని గడ్డిపెట్టింది. ఆ ఒక్క తీర్పు మనకి ఊరట. అయినా ఆలోచించండి, ఏ రెడ్డిగారి, ఏ చౌదరిగారి ఇంట్లో గోడ మీద ఏం వేలాడుతోందో చూడ్డానికి ఏ తాసీల్దారు వెళ్ళాడు?

దీన్నే చదువుకున్నవాళ్ళు గోప్యత హక్కు అంటారు. మన మాటలో గుట్టు. ఇంటి గుట్టు లంకకు చేటు అని ఊరికే అనలేదు పెద్దలు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు ఒక్కమాటగా గుట్టు మనిషి ప్రాథమిక హక్కు అని చెప్పారు. ఆ కేసు వేసిన పుట్టస్వామిగారు ఒకప్పుడు మన రాష్ట్రంలో బీసీ కమిషన్ ఛైర్మన్‌గా పనిచేసిన జడ్జిగారే. తీర్పొచ్చిన ఎనిమిది నెలలకే, 2018 ఏప్రిల్లో, మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో 1.34 లక్షల మంది ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, కులం, మతంతో సహా బజార్న పడ్డాయి. అంతటితో అయిపోలేదు. ఏ కులంవాడి ఇల్లెక్కడుంది, ఏ మతంవాడి ఇల్లెక్కడుంది మ్యాపు మీద వెతుక్కునే వీలు కూడా అందులో ఉందని బయటపడింది. పక్కా ఇల్లిస్తామని రాయించుకున్న వివరాలివి! గలాటా జరిగే రోజున అలాంటి మ్యాపు ఎవరి చేతిలో ఉంటే ఏమవుతుందో 2002 గుజరాత్ చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

2019లో ప్రతి 50 ఇళ్ళకి ఒక వాలంటీరు వచ్చాడు. పింఛను గుమ్మం దగ్గరికి తెచ్చిచ్చాడు, ముసలమ్మలు దీవించారు, కాదనం. అదే గుంటడికి ఏ ఇంట్లో ఎవరెవరున్నారో, ఎవరేం చేస్తారో, ఎవరెటు వైపో కూడా తెలిసింది. 2024లో ప్రభుత్వం మారాక ఆ వ్యవస్థ ఆగిపోయింది. రాసుకున్నదంతా ఎక్కడుంది? 2020 మేలో కరోనా సాయమని అర్చకులకు, ఇమాములకు, పాస్టర్లకు 5,000 రూపాయల చొప్పున ఇచ్చారు. ఆకలి రోజులు, మనవాళ్ళు పేర్లు రాయించుకున్నారు. తర్వాత ఆ జాబితాల్నే పట్టుకొని ఈ పాస్టర్ల కుల సర్టిఫికెట్లు చూడండని ఢిల్లీ దాకా ఫిర్యాదులు వెళ్ళాయి. అన్నం పెడతామని పిలిచి వేలిముద్ర వేయించుకోవడం మన తాతల కాలం నుంచీ షావుకారు చేసే పనే.

2023లో పార్లమెంటు సమాచార రక్షణ చట్టం చేసింది కదా అంటే, 2018లో శ్రీకృష్ణ కమిటీ రాసిన ముసాయిదాలో కులాన్ని, మతాన్ని సున్నితమైన సమాచారంగా వేరుగా కాపాడాలని ఉంది. 2023 చట్టంలోకొచ్చేసరికి ఆ వేరు గడి ఎగిరిపోయింది. సర్కారు తన సంస్థలకి తనే మినహాయింపు ఇచ్చుకునే వీలు మాత్రం నిలబడింది. మొన్న 2025 అక్టోబరులో గూగుల్ కంపెనీ విశాఖలో 15 బిలియన్ డాలర్ల డేటా కేంద్రం పెడతానంది. భూములు తర్లువాడ, అడవివరం, రాంబిల్లిలో. ప్రపంచం గుట్టంతా దాచడానికి మన ఊళ్ళో భవనాలొస్తాయట. పేటలో మనిషికి తన గుట్టు దాచుకోడానికి ఒక గది లేదు.

గది మాట వచ్చింది గనక చెప్తాం. కొందరు బోధకులు అంటున్నారు, దేవుడు అన్నీ చూస్తున్నాడు, సీసీ కెమెరా చూస్తే నీకేం భయం, తప్పు చేయనివాడు వెలుగులో నడవాలి అని. ఇది వాక్యం కాదు, పోలీసు మాట. యేసు ప్రార్థన గురించి చెప్పినప్పుడు వీధి మూలల్లో నిలబడి కనపడేలా చేయొద్దన్నాడు, గదిలోకి పోయి తలుపు మూసుకోమన్నాడు. మత్తయి సువార్త ఆరో అధ్యాయం. అక్కడ గదికి వాడిన గ్రీకు మాటకి అర్థం సామాన్లు దాచే కొట్టు. గలిలయ బీదవాళ్ళ ఇంట్లో గడియ వేసుకోడానికి వీలున్నది బహుశా ఆ ఒక్కటే. మత్తయి సువార్తని తెలుగులో పెట్టే పని జరిగింది మన విశాఖపట్నంలోనే. 1805లో ఇక్కడ దిగిన క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే మిషనరీలు, ఆనందరాయరు అనే తెలుగు మనిషి సాయంతో చేశారు. అచ్చయ్యేసరికి ఇద్దరు దొరలూ చచ్చిపోయారు, 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చు పడింది. రెండొందల ఏళ్ళుగా ఆ మాట తెలుగులో ఉంది. మన ఎస్సీ కాలనీ ఇళ్ళకి మాత్రం ఇప్పటికీ లోపలి గది లేదు, ఒకటే గది, ఒకటే తలుపు, తలుపు తీస్తే వీధి.

దేవుడి చూపు వేరని హాగరు కథ చెప్తుంది. శారా ఇంట్లో దాసి. కడుపుతో ఉండి బాధలు పడలేక ఎడారిలోకి పారిపోయింది. అబ్రాహాము ఇంట్లో ఆమెని దాసీ అనే అన్నారు, పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ఎడారిలో దేవదూత పేరుతో పిలిచాడు, ఎక్కడ నుంచి వస్తున్నావమ్మా, ఎక్కడికి పోతున్నావమ్మా అనడిగాడు. తనని చూసే దేవుడని ఆ దాసి దేవుడికే పేరు పెట్టింది. మళ్ళీ ఇంకోసారి బిడ్డతో ఎడారి పాలై నీళ్ళకి ఏడిస్తే బావి కనపడింది. ఆ చూపు వెనకాల నీళ్ళున్నాయి. విజిలెన్స్ చూపు వెనకాల ఏముంది? సస్పెన్షన్ ఆర్డరు. ఈ రెండింటినీ ఒకటే అనే బోధకుడు హాగరు కథ సరిగ్గా చదవలేదనే మేమంటాం.

చర్చి వైపు కూడా ఒక మాట అనకపోతే న్యాయం కాదు. బ్రిటిషువాళ్ళు నేరస్థ జాతులని ముద్ర వేసిన ఎరుకల కుటుంబాల్ని 1913 నుంచి స్టువర్టుపురంలో పెట్టి కాపలా కాసింది ఎవరు? సాల్వేషన్ ఆర్మీ. ప్రార్థనా వాళ్ళదే, హాజరు పట్టీ వాళ్ళదే. బడి పెట్టారు, పని చూపారు, నిజం. సెలవు చీటీ లేకుండా మనిషి ఊరు దాటకుండా చూసిందీ వాళ్ళే. ఇప్పుడు ఆ పుస్తకం పోయి ఫోను వచ్చింది. ఆదివారం ఆరాధన యూట్యూబులో లైవు పెడుతున్నారు. కెమెరా పాస్టరు మీద నుంచి తిరిగి బల్ల మీద కూచున్న ఒక్కొక్క మొహం మీదకీ వస్తుంది. అందులో పోర్టు ఉద్యోగి ఉంటాడు, హాస్టలు పిల్ల ఉంటుంది. బాప్తిస్మం ఫోటోలు పేర్లతో సహా ఫేస్‌బుక్కులో పెడుతున్నారు, విదేశీ దాతలకి పంపుతున్నారు. ప్రార్థన విన్నపాలని వాట్సాప్ గుంపులో ఫలానా చెల్లెమ్మకి ఫలానా జబ్బు, ఫలానా ఇంట్లో మొగుడు కొడుతున్నాడు అని రాసేస్తున్నారు. ఇది ప్రేమ అనుకుంటున్నారు. ఆ చెల్లెమ్మని అడిగారా? పాస్టరు అయ్యలారా, కెమెరా వేదిక దాటి తిప్పకండి. సభ్యుల పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేయండి. ఎవరైనా అధికారినని వచ్చి అడిగితే కాయితం ఏదని అడగండి, చూపించేముందు సంఘ పెద్దలకి చెప్పండి.

ఇక జనగణన. 2027 మార్చి 1 తేదీగా లెక్క తీస్తామని, కులం కూడా అడుగుతామని కేంద్రం 2025లో ప్రకటించింది. గుమ్మం దగ్గరికొచ్చి అడిగేది ఎక్కువమంది మా టీచర్లే. కొందరు పెద్దలు దావీదు కథ చూపించి లెక్కే పాపమంటున్నారు. దావీదు లెక్క తీసింది కత్తి దూసే మగవాళ్ళని, సైన్యం బలం చూసుకోడానికి. యోవాబు లాంటి కరకు సేనాపతే వద్దన్నాడు. తెగులొచ్చి 70,000 మంది పోయారు, రాజు మాత్రం బతికాడు. మనం కులాల లెక్క కావాలని ఏళ్ళ తరబడి అడిగినవాళ్ళం, భూమి ఎవరి దగ్గరుందో, కొలువులెవరి దగ్గరున్నాయో తేలాలని. కాబట్టి లెక్కకి మేము వ్యతిరేకం కాదు. ఇప్పటిదాకా జరిగిన జనగణనల్లో క్రైస్తవమని చెప్పినవాణ్ణి ఎస్సీగా రాయలేదు, అందుకే దళిత క్రైస్తవులు ఎందరో దేశానికి తెలియదు. ఈసారి ఏం చెప్పాలో ఏ కుటుంబానికీ మేము ఆజ్ఞ వేయం, ఉద్యోగం ఉన్న ఇంటి భయం ఆ ఇంటికే తెలుసు. ఒక చట్టం సంగతి మాత్రం అందరికీ తెలియాలి. 1948 జనగణన చట్టం 15వ సెక్షను ప్రకారం గణకుడు రాసుకున్న పుస్తకం చూసే హక్కు ఎవరికీ లేదు, అందులో రాసింది సివిల్ కోర్టులో సాక్ష్యంగా చెల్లదు, ఆ చట్టం కిందే పెట్టే కేసులో తప్ప క్రిమినల్ కోర్టులోనూ చెల్లదు. బయటపెట్టిన గణకుడికి శిక్ష ఉంది. టీచరు మిత్రులారా, చెప్పింది రాయండి. గోడ మీద బొమ్మలు చూసి మీరు రాయకండి.

మూడో పేరా తీసేయాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. 2023 మార్చి 24న మన అసెంబ్లీ దళిత క్రైస్తవుల్ని ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసింది. బాలకృష్ణన్ కమిషన్‌ని 2022లో వేశారు, గడువులు పెంచుకుంటూ పోయారు. ఆ పేరా పోయినరోజు ఆదివారం పూట ఎవరెక్కడికెళ్ళారో చూడ్డానికి ఎవడికీ లాభం ఉండదు, కిటికీ కింద కాపలా దానంతటదే లేచిపోతుంది. అందుకే ఈ పేరా మీద పోరాటం చర్చిలకి వెళ్ళేవాళ్ళదే అనుకోకండి. గుడికెళ్ళే దళితుడూ, బుద్ధ విహారానికెళ్ళే దళితుడూ, ఎక్కడికీ వెళ్ళని దళితుడూ రావాలి. కులం సర్టిఫికెట్ చూపించి దేవుణ్ణి అడిగేవాడు రేపు ఎవరి గుమ్మం దగ్గరికైనా వస్తాడు.

ఈలోగా ఎవరికైనా సర్టిఫికెట్ మీద విచారణ అని కబురొస్తే కంగారు పడొద్దు. నోటి మాట మీద వెళ్ళకండి, రాతపూర్వకంగా నోటీసు ఇమ్మనండి. 1993 నాటి మన రాష్ట్ర కుల సర్టిఫికెట్ల చట్టం ప్రకారం మనకి చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా కలెక్టరు రద్దు చేయడానికి లేదు, రద్దు చేసినా పైన అప్పీలు ఉంది. తెల్లకాయితం మీద సంతకం పెట్టకండి. ఫిర్యాదు ఎవరిచ్చారు, ఏ ఫోటోలు జతచేశారు, నకలు అడగండి. ఇంట్లోకి వస్తామంటే ఏ ఆర్డరు మీద వస్తున్నారో చూపించమనండి, పక్కన ఇద్దరు పెద్దల్ని పెట్టుకోండి. నోటీసు జిరాక్సు తీసి మన పత్రిక మీకు తెచ్చిచ్చే కార్యకర్త చేతికి అదే రోజు ఇవ్వండి.